రౌండప్ కొడితే −4, కీలో −3!

ప్రశ్న: జీఆర్ఈకి ప్రిపేర్ అవుతున్నాను. ప్రాక్టీస్ లెక్కలో −3.2ని పై పూర్ణాంకానికి మార్చితే −3 అని కీలో ఉంది. ఎక్సెల్‌లో రౌండప్ కొడితే −4 వస్తోంది. ఏది కరెక్ట్?

జవాబు: పరీక్షలో −3 పెట్టండి. ఎక్సెల్ తప్పు చేయలేదు, మీరు దాన్ని అడిగిందే వేరు. రౌండప్ దృష్టిలో పైకి అంటే సున్నాకు దూరంగా. మైనస్‌ను పక్కనపెట్టి 3.2ని 4 చేసి, మళ్లీ మైనస్ తగిలిస్తుంది. పరీక్షవాళ్లు అడిగేది సీలింగ్. అంటే ఇచ్చిన సంఖ్యకు తగ్గని పూర్ణాంకాల్లో అతి చిన్నది. సంఖ్యారేఖ మీద −3.2 నుంచి కుడివైపు వెళ్తే మొదట తగిలేది −3. ఎక్సెల్‌లో ఇదే కావాలంటే సీలింగ్.మ్యాథ్ వాడండి, 2013 వెర్షన్ నుంచి ఉంది.

ఇంటర్, జేఈఈ చదివొచ్చినవాళ్లకు ఇంకో చిక్కుంది. అక్కడ స్క్వేర్ బ్రాకెట్ అంటే గరిష్ఠ పూర్ణాంక ప్రమేయం, కిందికి దించడం. ఈ పరీక్షల్లో బ్రాకెట్‌కు అర్థం ప్రశ్నలోనే ఇస్తారు. ఆ వాక్యం చదవకుండా చెయ్యి అలవాటుకొద్దీ దించేసిందా, మార్కు పోయినట్టే.

ఇది చూడండి: ఎక్స్ అనే సంఖ్యకు సీలింగ్ 0. ఎక్స్ పెద్దదా, 0 పెద్దదా? చాలామంది రెండూ సమానమని టిక్ పెట్టేస్తారు. కానీ ఎక్స్ −0.7 అయినా సీలింగ్ 0యే. −1 మాత్రం కుదరదు, అది పూర్ణాంకమే కాబట్టి కదలదు. అంటే −1 కంటే పెద్దదై 0 దాకా ఏదైనా కావచ్చు. జవాబు ‘ఇచ్చిన సమాచారంతో చెప్పలేం’. జీఆర్ఈ స్క్రీన్ మీది కాలిక్యులేటర్‌లో సీలింగ్ బటన్ ఉండదు. రఫ్ పేపర్ మీద గీత గీసుకోవడమే నయం.

ప్రశ్న: పైథాన్‌లో 100 రూపాయల ధరకు 10 శాతం కలపడానికి 1.1తో గుణించి సీల్ (సీలింగ్ తీసే) ఫంక్షన్‌కు ఇస్తే 111 వస్తోంది. 110 కదా రావాలి?

జవాబు: 1.1ని కంప్యూటర్ బైనరీలో కచ్చితంగా దాచలేదు, రవ్వంత ఎక్కువగా దాస్తుంది. అందుకే గుణిస్తే 110.00000000000001 వస్తుంది. సీల్‌కు ఆ చివరి 1 చాలు, 111కి ఎక్కించేస్తుంది. డబ్బు లెక్కల్లో దశాంశాలు వద్దు. ధరను 110తో గుణించి, 99 కలిపి, డబుల్ స్లాష్ (శేషం వదిలేసే భాగహారం) వాడి 100తో భాగించండి. 110 వస్తుంది. అదే ధర 101 అయితే 111.1 కాస్తా 112 అవుతుంది, అది సరైనదే.