జైళ్ల చదువులో చేరుతున్న మాధవికి

చి. మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

డిగ్రీలో క్రిమినాలజీ (నేరశాస్త్రం), కరెక్షన్స్ (జైళ్లు, ఖైదీల సంస్కరణ గురించిన చదువు) తీసుకుంటున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఆడపిల్లకు జైళ్ల చదువేమిటని ఇంట్లో గొణుగుతున్నారట. ఇరవై తొమ్మిదేళ్లు జైళ్లలో పనిచేసినవాడిగా చెబుతున్నాను, చేరు. కానీ డిప్యూటీ జైలరు పోస్టుకు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు నువ్వూ అందరితోపాటే పరీక్ష రాయాలి, పరుగెత్తాలి. అందుకని ఈ చదువును పని నేర్చుకోవడానికి వాడుకో.

మొదటి ఏడాది, కొందరు పుట్టుకతోనే నేరస్థులన్న ఇటలీ వైద్యుడు లొంబ్రోసో మొదలుకొని నేర సిద్ధాంతాలు చెబుతారు. చదువు, కానీ అక్కడే ఉండిపోకు. మన దేశపు జైళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు విచారణ ఖైదీలే. నేరం రుజువు కాని మనిషిని దేని నుంచి సంస్కరిస్తాం? ఈ ప్రశ్నను తరగతిలో గట్టిగా అడుగు.

నేను కొత్తగా చేరిన సబ్‌జైల్లో ఒక గొర్రెల కాపరి ఉండేవాడు. చిన్న దొంగతనం కేసు. ములాఖత్‌కు ఎవరూ వచ్చేవారు కాదు. రోజూ సాయంత్రం బ్యారక్ తాళం వేసేముందు తలలు లెక్కపెట్టి, సరిపోయిందని సంతకం పెట్టేవాడిని. ఒకరోజు కాగితాలు సర్దుతుంటే అతని బెయిలు ఉత్తర్వు బయటపడింది. నాలుగు నెలల కిందటిది! జామీనుకు మనిషి దొరక్క లోపలే ఉండిపోయాడు. కోర్టుకు రాస్తే షరతు తగ్గించారు, వారం తిరక్కుండా వెళ్లిపోయాడు. ఆ నాలుగు నెలలూ రిజిస్టరులో నా సంతకాలే ఉన్నాయి. అది నా తప్పు, ఇప్పటికీ మరచిపోలేదు.

అందుకే అరెస్టు, బెయిలు, విచారణ ఎలా జరగాలో చెప్పే చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 479వ సెక్షన్ కంఠతా పట్టు. ఉరి, యావజ్జీవం పడే నేరాలు కాకుండా మిగతా కేసుల్లో, గరిష్ఠ శిక్షలో సగం కాలం లోపలే గడిపిన విచారణ ఖైదీని బెయిలుపై విడుదల చేయాలి. అంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాడైతే మూడో వంతు చాలు. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉంటే ఇది వర్తించదు. గడువు నిండగానే కోర్టుకు దరఖాస్తు పెట్టవలసింది జైలు సూపరింటెండెంటే. అంటే, తేదీలు లెక్కవేయడం గుమాస్తా పని కాదు తల్లీ, మన పని.

తీర్పులు చదివేటప్పుడు మన ప్రాంతానివి ముందు తీయి. విశాఖ సెంట్రల్ జైలు గోడ మీద కరెంటు తీగ అమర్చారని ఖైదీలు సుప్రీంకోర్టుకు వెళ్లిన భువన్ మోహన్ పట్నాయక్ కేసు ఉంది, 1974 నాటిది. వాళ్ల పిటిషన్ నెగ్గలేదు. అయినా, శిక్ష పడినంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ పోవని కోర్టు అందులోనే చెప్పింది. కోయిలకుంట్ల సబ్‌జైల్లో ఖైదీని బాంబులు వేసి చంపిన కేసులో 2000లో తీర్పు వచ్చింది, ప్రభుత్వం పరిహారం కట్టవలసి వచ్చింది. ఈ రెండూ పూర్తి పాఠమే చదువు, గైడ్లలోని సారాంశం వద్దు.

సెలవుల్లో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లి, జైలు లీగల్ ఎయిడ్ క్లినిక్‌లో సాయం చేస్తానని అడుగు. తెలుగులో అర్జీ రాయడం అక్కడ వస్తుంది. ఖైదీ ఏం నేరం చేశాడని అడగకు, ఇంటికి ఉత్తరం రాసిపెట్టాలా అని అడుగు. మిగతాది అతనే చెబుతాడు.

దసరాకు ఇంటికి రా. ఒక నోటుపుస్తకం తెచ్చుకో. రిమాండు తేదీ నుంచి మూడో వంతు ఎప్పటికి నిండుతుందో పది కేసులకు నీ చేత లెక్క కట్టిస్తాను.

మీ పెదనాన్న