ట్వీపీలో స్ట్రీమ్‌లిజనర్ లేదని ఎర్రర్ ఎందుకు వస్తోంది?

మేడారం జాతర ట్వీట్లను లైవ్‌గా పట్టుకోవాలని హనుమకొండ నుంచి అడిగారు. ట్వీపీ అంటే ట్విట్టర్ (ఇప్పటి ఎక్స్) డేటాను పైథాన్ ప్రోగ్రామ్‌తో తెచ్చుకునే లైబ్రరీ. మీరు చూసిన కోడ్ పాతది. 2021లో వచ్చిన ట్వీపీ 4.0లో, లైవ్ ట్వీట్లను అందుకునే క్లాస్ అయిన స్ట్రీమ్‌లిజనర్‌ను తీసేసి, దాని పనిని మరో క్లాస్ అయిన స్ట్రీమ్‌లో కలిపేశారు. ఇప్పుడు స్ట్రీమింగ్‌క్లయింట్ వాడండి. దానికి బేరర్ టోకెన్ (ట్విట్టర్ డెవలపర్ ఖాతాలో దొరికే కీ) చాలు, కానీ ఆ ఖాతాకు మీరు తీసుకున్న ప్లాన్‌లో స్ట్రీమింగ్ ఉందో లేదో ముందే చూసుకోండి.

అసలు తిప్పలు రూల్స్‌తోనే. మీరు పెట్టిన రూల్ (ఏ మాట ఉన్న ట్వీట్లు కావాలో చెప్పేది) ట్విట్టర్ సర్వర్‌లోనే ఉండిపోతుంది, ప్రోగ్రామ్ ఆపినా పోదు. నిన్న 'వరంగల్' అని పెట్టి ఈరోజు 'మేడారం' అని పెడితే రెండింటి ట్వీట్లూ వచ్చిపడతాయి. పాతది డిలీట్ చేశాకే కొత్తది పెట్టండి. మనవాళ్లు సగం ఇంగ్లీష్ అక్షరాల్లోనే రాస్తారు కాబట్టి ఆ స్పెల్లింగ్ కూడా కలపండి. వచ్చిన ట్వీట్‌ను ముందు ఫైల్లో వేసేయండి, విశ్లేషణ తర్వాత చూసుకోవచ్చు. అక్కడే ఆలస్యం చేస్తే కనెక్షన్ తెగిపోవచ్చు.