అదే మంట మీద మటన్ ముక్కకు ఒక రూలు, కీమాకు ఒక రూలు ఎందుకు?

మీరు అడిగినవి రెండు. మటన్ ముక్క మధ్యలో కాస్త ఎర్రగా ఉన్నా పరవాలేదంటారు, కీమా ఉండలకు మాత్రం ఒప్పుకోరు, ఎందుకని? జీడిపప్పు వేయిస్తే క్రిములు చచ్చినట్టేనా? నేను పలాసలో ఒక జీడిపప్పు యూనిట్లో క్వాలిటీ పని చూస్తాను, మా బావ శ్రీకాకుళంలో కేటరింగ్ చేస్తాడు. కాబట్టి రెండూ తరచూ మా ఇంట్లో వచ్చే మాటలే.

కీమా సంగతి తేలిక. కోసిన ముక్కకు క్రిములు ఎక్కువగా పైపైనే అంటుకుని ఉంటాయి, వేడి తగలగానే ముందు పోయేవి అవే. కీమా కొట్టాక ఆ పైభాగమంతా లోపలికి కలిసిపోతుంది. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ ముక్కకు 63 డిగ్రీలు, దించాక 3 నిమిషాలు ఆగితే చాలంటుంది. కీమాకు 71 కావాలంటుంది. కోడికైతే ముక్కైనా కీమా అయినా 74. మన ఇళ్లలో మటన్ ముక్క ఎలాగూ కుక్కర్లో మెత్తబడిపోతుంది, పేచీ అంతా ఉండలతోనే.

ఒక పెళ్లి వంటలో ఇదే మాట వచ్చింది. "పైన కుతకుతలాడుతోంది కదరా, ఇంకేటి కావాలి?" అన్నాడు బావ. గ్రేవీలో థర్మామీటరు ముంచితే 96 చూపించింది. నిమ్మకాయంత ఉండను గరిటెతో తీసి నడిమధ్యకు గుచ్చితే 58 దగ్గర ఆగిపోయింది. పలచటి చారులో నీరే పైకీ కిందికీ తిరుగుతూ వేడిని మోసుకెళ్తుంది. ఉండలో ఏదీ కదలదు, వేడి మెల్లగా లోపలికి పాకాల్సిందే. పైగా ఉండ సైజు రెట్టింపైతే పట్టే టైము దాదాపు నాలుగింతలవుతుంది. ఆ తర్వాత బావ ఉండలు ఉసిరికాయంత చేయిస్తున్నాడు. థర్మామీటరు మాత్రం ఇప్పటికీ కొనలేదు, నాదే పట్టుకెళ్తాడు.

ఇక జీడిపప్పు. ఇక్కడ వేడి లోపలికి చేరినా సరిపోదు, అక్కడ తడి కూడా ఉండాలి. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు ఉంచితే సాల్మొనెల్లా లాంటి జబ్బు చేసే క్రిములు చస్తాయి. మా డ్రయ్యర్లో పప్పు దాదాపు అదే వేడిలో గంటల తరబడి ఉంటుంది, అయినా అందులో క్రిములన్నీ పోయాయని నేను సంతకం పెట్టలేను. నీరు ఉంటేనే క్రిమిలోని ప్రోటీన్లు వేడికి తొందరగా చెడిపోతాయి. ఎండిపోయిన క్రిమి మొండికేస్తుంది. నూనె చుట్టూ ఉంటే ఇంకా కష్టం. వేరుశనగ వెన్నతో 2008-09లో అమెరికాలో వందల మంది జబ్బుపడ్డారు, అందుకు కారణం సాల్మొనెల్లానే. బాదంతో 2001లో, 2004లో అలాగే జరిగాక కాలిఫోర్నియా బాదంను శుద్ధి చేసే అమ్మాలని 2007లో రూలు పెట్టారు. ఆ శుద్ధికి చాలాచోట్ల ఆవిరే వాడతారు.

మా దగ్గరా పిక్కలను ఆవిరిలో ఉడికిస్తాం, కానీ అది పెంకుతో ఉన్నప్పుడు. పెంకు కొట్టడం, ఆరబెట్టడం, పొట్టు తీయడం, గ్రేడింగ్ అన్నీ ఆ తర్వాతే. చేతులు తగిలేది అక్కడే, మళ్లీ తడి వేడి తగిలేది మీ వంటింట్లోనే. కాబట్టి జీడిపప్పును పేస్టు చేసి కూరలో కుతకుత ఉడికిస్తే భయం లేదు. నేతిలో దోరగా వేయించి పాయసం మీద చల్లితే అంత గట్టిగా చెప్పలేం. మంచి చోట కొన్న పొడి పప్పుతో మామూలుగా ఇబ్బంది రాదు, తడి లేకపోతే క్రిములు బతుకుతాయే గానీ పెరగవు. మిల్క్‌షేక్ కోసం నానబెట్టినప్పుడే జాగ్రత్త. నానబెట్టిన గిన్నెను ఫ్రిజ్‌లో పెట్టండి, రాత్రంతా గట్టు మీద వదలకండి.