ఈ క్వారీ మన టెక్కలి క్వారీ కాదు, తమ్ముడూ

తమ్ముడూ,

నువ్వు పంపిన అనువాదం రెండుసార్లు చదివాను. మొదటి పది పేజీలూ హాయిగా సాగాయి, అడవి, చలి, గుర్రాల మీద మనుషులు, అన్నీ కళ్ళకు కట్టాయి. పదకొండో పేజీలో మాత్రం ఆగిపోయాను. "సాయంత్రానికి కుక్కలు రాతి క్వారీని చుట్టుముట్టాయి, అది రొప్పుతూ పొదలో పడిపోయింది" అని రాశావు. ఆ వాక్యం రాసేటప్పుడు నీకూ ఏదో తేడాగానే అనిపించి ఉంటుంది, కానీ డిక్షనరీలో మొదటి అర్థం రాతిగని అని కనిపించేసరికి ముందుకెళ్ళిపోయావు. ఇంగ్లీషు మూలంలో ఉన్న క్వారీ (quarry) మాత్రం వేటలో తరుముతున్న జంతువు.

నీ తప్పు నాకు అర్థమైంది, ఎందుకంటే నీది టెక్కలి పక్క ఊరు. పుట్టినప్పటి నుంచీ క్వారీ అంటే నీకు బ్లాస్టింగ్ శబ్దం, రోడ్డు మీద దుమ్ము లేపుకుంటూ పోయే టిప్పర్లు, దేశాలు దాటి పోయే నీలం గ్రానైట్. ఆ మాట వినగానే నీ కళ్ళ ముందుకు అదే వస్తుంది, ఎవరికైనా అంతే. నేను కూడా ఇరవై ఏళ్ళ వయసులో ఒక కథ అనువదిస్తూ గేమ్ అనే మాటను ఆటలు అని రాసి, "ఆ అడవిలో ఆటలు సమృద్ధిగా ఉన్నాయి" అని పంపితే ఒక పత్రిక అలాగే అచ్చు వేసింది. పార్వతీపురం నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు కార్డు ముక్క రాశారు, గేమ్ అంటే అక్కడ వేటాడే జంతువులు నాయనా అని. చాలా రోజులు మనసుకు కష్టంగా ఉండింది. అందుకే నీకు ఇంత పొడుగు ఉత్తరం.

ఇంగ్లీషులో క్వారీ అనేవి నిజానికి రెండు వేరువేరు మాటలు. స్పెల్లింగ్ ఒకటే, పలకడం ఒకటే, పుట్టుక మాత్రం వేరు. రాళ్ళ క్వారీ లాటిన్‌లో చతురస్రం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. రాయిని నలుచదరంగా కోసే చోటు అన్నమాట. ఈసారి ఊరెళ్ళినప్పుడు రోడ్డు పక్కన దించిన బ్లాకు దగ్గరికి వెళ్ళి చూడు. అంచు పొడుగునా డ్రిల్లు దిగిన సగం గాడులు గీతల్లా వరసగా ఉంటాయి, పక్కన పెయింటుతో వేసిన నంబరు, మూలలు నిలువుగా తెగి ఉంటాయి. ఆ నలుపలకల రాయిలోనే ఆ మాట అర్థం ఉంది.

వేట క్వారీ కథ వేరు. అది పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, అక్కడ తోలు అనే అర్థమున్న మాటతో దానికి చుట్టరికం. ఆ రోజుల్లో జింకను కొట్టాక, దాని తోలు నేల మీద పరిచి, పేగులూ అవీ దాని మీద పెట్టి వేటకుక్కలకు బహుమానంగా వేసేవారు. ఆ కుక్కల వాటాకే మొదట ఆ పేరు. తర్వాత్తర్వాత వేటలో చచ్చిన జంతువుకీ, ఆ తర్వాత ఇంకా చావకుండా ప్రాణాలు అరచేత పెట్టుకుని పరిగెడుతున్న జంతువుకీ అదే పేరయింది. బతికి పరిగెడుతుండగానే దానికి కుక్కల కూడు అనే పేరు పడిపోయింది చూడు! నేను ఈ సంగతి తెలుసుకున్న రోజున ఆ మాటను మళ్ళీ మామూలుగా చదవలేకపోయాను.

ఇక్కడే నీకు చెప్పాల్సిన అసలు సంగతి ఉంది. క్వారీ అనేది జంతువు పేరు కాదు. కుందేలు బొరియలో పడుకుని ఉంటే అది కుందేలే. దాని వెనక ఒకడు పడ్డ క్షణం నుంచి, వాడి కంటికి మాత్రం, అది క్వారీ. అంటే ఆ మాట వాడినప్పుడల్లా రచయిత మనల్ని వేటగాడి వెనక నిలబెడుతున్నాడు. దశరథుడి కథ గుర్తు తెచ్చుకో. చీకట్లో నీళ్ళ చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు, తగిలింది తల్లిదండ్రుల కోసం కుండలో నీళ్ళు ముంచుకుంటున్న పిల్లాడికి. దశరథుడు వేటాడింది ఏనుగును, రేవులో ఉన్నది పిల్లాడు. ఇంగ్లీషులో ఆ కథ చెప్పేవాడు బాణం తగిలేదాకా క్వారీ అని రాసి, తగిలాక ఆ మాట వదిలేస్తే చాలు, చూపు మారిపోతుంది.

ఇలాంటివే ఇంకో రెండున్నాయి, కలిపేసుకోకు. ప్రే (prey) అంటే తినడానికి పట్టేది, పులికి జింక, పాముకి కప్ప. లాటిన్‌లో కొల్లగొట్టిన సొమ్ము అనే మాట నుంచి వచ్చింది. మనకు ఎర అనే మాట ఉంది కానీ గేలానికి గుచ్చేదీ ఎరే కాబట్టి చూసుకుని వాడు. మనిషి విషయంలో అయితే మోసానికి బలయ్యాడు, రోగం పాలయ్యాడు అంటాం, అక్కడ ఎరను తీసుకురాకు. గేమ్ అంటే వేటాడే జంతువులూ పక్షులూ అన్నీ కలిపి, వాటి మాంసం కూడా. ఈ అర్థంలో దానికి బహువచనం ఉండదు, అదే నీకు గుర్తు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు సంతోషం, వినోదం అని అర్థం. చంపేవాడి సరదా పేరు చచ్చేదానికి పెట్టారు.

మరి తెలుగులో ఏం రాయాలి? మృగం అని రాద్దామని నీకు అనిపించవచ్చు. సంస్కృతంలో మృగ ధాతువుకు వెతకడం అని అర్థం, జింకనూ మృగమే అంటారు, అటు ఇంగ్లీషులో డీర్ అనే మాటకు కూడా ఒకప్పుడు ఏ జంతువైనా అనే అర్థం ఉండేది. పుట్టుక చూస్తే మృగం చక్కగా సరిపోతుంది. కానీ ఇవాళ మన పేపర్లు మానవ మృగం అని హెడ్డింగు పెడతాయి. మృగం అనగానే పాఠకుడికి భయమేస్తుంది, నీ కథలో జాలి పడాల్సిన చోట భయపడితే కథ పోయినట్టే.

వేట అనే రాద్దామా అంటే, మన వైపు ఆ మాట ఎక్కడెక్కడికో వెళ్ళిపోయింది. ఆదివారం పొద్దున్న కొట్టు దగ్గర వేట మాంసం అంటే మేకో గొర్రో తప్ప అడవి పంది కాదు. అమ్మవారికి వేట వేశారంటే ఎవరూ అడవికి పోలేదు, కట్టేసి పెంచిన పోతును తెచ్చారంతే. ఒకసారి కళింగపట్నం ఒడ్డున తెల్లారగట్ల పడవ దిగుతున్న ఒక పెద్దాయన్ని ఏం పడింది బాబాయ్ అని అడిగితే, వల దులుపుతూ "ఈయేల ఏట నేదు బాబూ" అన్నాడు. రాత్రంతా సముద్రం మీద వేటలోనే ఉన్నాడు, అయినా వేట లేదు! వెళ్ళడమూ వేటే, దొరికిందీ వేటే. ఒక్క మాటలో పనీ ఫలితమూ రెండూ పెట్టాడు. ఇంగ్లీషు క్వారీకి అంత దగ్గరగా వచ్చిన తెలుగు నేను ఏ నిఘంటువులోనూ చూడలేదు. గిడుగు రామమూర్తి గారిది మన శ్రీకాకుళం గడ్డే, ఆయన సవర భాష నేర్చుకున్నది సవరలు మాట్లాడుతుంటే వినే. నువ్వు కూడా డిక్షనరీ తెరిచే ముందు కాస్త చెవి తెరిచి ఉంచు.

ఇక నీ వాక్యం సంగతి. చాలాచోట్ల ఆ మాటకు విడిగా తెలుగు పేరు అక్కర్లేదు. వాగు దగ్గర కుక్కలు క్వారీని పోగొట్టుకున్నాయి అని ఇంగ్లీషులో ఉంటే, "వాగు దగ్గరికొచ్చేసరికి కుక్కలకు జాడ తప్పింది" అంటే అయిపోయింది. జంతువు పేరు తెలిస్తే ఆ పేరే రాయి, "తరుముకొస్తున్న కుక్కలకు అందకుండా దుప్పి వాగులోకి దూకింది" అను. డిటెక్టివ్ కథల్లో మనిషిని క్వారీ అంటే, "తను వెంటాడుతున్నవాడు" అని రాయి. కానీ ఒక జాగ్రత్త. వేటాడిన పులి అని రాస్తే, పులి వేటాడిందా, పులిని వేటాడారా? తెలుగులో రెండూ అవుతాయి. అలాంటి చోట వేటాడినవాడిని కూడా వాక్యంలోకి తెచ్చి నిలబెట్టు, "దొరగారు వేటాడిన పులి" అని. మొన్న నీ కథలోనూ ఈ తికమక రెండు చోట్ల ఉంది, పెన్సిలుతో గీత పెట్టాను.

నీ పదకొండో పేజీలో ఉన్నది ఆడ దుప్పి అని మూలంలో అంతకుముందు పేజీలోనే ఉంది, నువ్వు అది చూసుకోలేదు. నేనైతే ఇలా రాస్తాను: "సాయంత్రానికి కుక్కలు చుట్టుముట్టేశాయి. దుప్పి రొప్పుతూ పొదలో కూలబడింది." ముందు వాక్యంలో దేన్ని చుట్టుముట్టాయో చెప్పలేదు గమనించు. అప్పటిదాకా మనం వేటగాడితో ఉన్నాం, రెండో వాక్యంలో దుప్పి దగ్గరికి వచ్చాం. మూలంలో ఆ రచయిత కూడా సరిగ్గా అక్కడే క్వారీ అనడం మానేసి ఆమె అని మొదలుపెట్టాడు. మళ్ళీ చదువు, కనిపిస్తుంది.

ఆ పేజీ తిరగరాసి పంపు. కుదిరితే ఏప్రిల్ 15 లోపే ఒకసారి ఇటు రా, కళింగపట్నం వెళ్దాం. ఆ తర్వాత జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం, మర బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, తెల్లారగట్ల వల దులిపేవాళ్ళ మాటలు నువ్వు వినాలంటే అంతవరకూ ఆగాలి.

నీ అన్నయ్య