బీరువాను పగలగొట్టాడా, ఛేదించాడా, తెరిచాడా?

సందేహం: భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా అణుబాంబు తయారీ కేంద్రమైన లాస్ ఆలమోస్‌లో తోటివారి నంబరు తాళాల బీరువాలను తెరిచిన ముచ్చటను రాస్తూ, ఆయన "బీరువాలు పగలగొట్టడంలో సిద్ధహస్తుడు" అన్నాను. "ఛేదించడంలో" అనాలని మిత్రులొకరు అంటున్నారు. ఏది సరైనది?

సమాధానం: మీ మిత్రుల అభ్యంతరం సబబైనదే కాని, ఆయన సూచించిన మాటను కూడా చూసి వాడాలి. పగలగొట్టడమంటే వస్తువు పగలాలి. తాళం పగలగొట్టి ఇంట్లో చొరబడ్డారని పత్రికలు రాసినప్పుడు అక్కడ గునపమో సుత్తో, విరిగిన గొళ్లెమో ఉంటాయి. ఫైన్‌మన్ కథలో అవేవీ లేవు.

ఆ తాళానికి ఉండే, గుండ్రంగా తిప్పే బిళ్ల మీద 0 నుంచి 99 దాకా నూరు సంఖ్యలుంటాయి. మూడు సంఖ్యలు వరుసగా కుదిరితేనే బీరువా తెరుచుకుంటుంది కాబట్టి లెక్కకు పది లక్షల అవకాశాలు. అసలు సంఖ్యకు రెండు అటూ ఇటూ అయినా తాళం ఒప్పుకుంటుందని ఆయన పరీక్షించి తెలుసుకోవడంతో, ప్రతిచోటా నూరింటికి బదులు ఇరవై చూస్తే సరిపోయింది, పది లక్షలు కాస్తా 8,000కు దిగాయి. అంతటితో ఆగక, తోటివారి గదుల్లో కబుర్లాడుతూ, తెరిచి ఉన్న బీరువా బిళ్లను ఊసుపోక తిప్పుతున్నట్టే తిప్పి చివరి రెండు సంఖ్యలూ రాబట్టేవాడు. ఇక మిగిలేది మొదటి సంఖ్య కోసం ఇరవై ప్రయత్నాలే! ఇంత ఓర్పూ, లెక్కా, వేలికొసల నేర్పూ కలిసిన పనిని "పగలగొట్టడం" అనేస్తే పాఠకుణ్ణి ఆకట్టుకోవలసిన అసలు సంగతే మాటున పడిపోతుంది.

లండన్‌లో 1851లో అమెరికన్ తాళాల నిపుణుడు హాబ్స్, ఎవరూ తీయలేరని పేరుబడ్డ బ్రామా తాళాన్ని 16 రోజుల వ్యవధిలో మొత్తం 51 గంటలు శ్రమించి తీసి, 200 గినీల బహుమతి గెలుచుకున్నాడు. తరువాత ఆ తాళం తన సొంత చెవితో మామూలుగానే పనిచేసింది. అది చెక్కుచెదరలేదనడానికి అదే రుజువు. ఆయన దాన్ని "పగలగొట్టాడు" అని రాస్తే అర్థమే తారుమారవుతుంది.

ఇక "ఛేదించు" విషయం. దీని మూలార్థం నరకడం, కోయడం. అయినా పద్మవ్యూహాన్ని ఛేదించడం, పోలీసులు కేసును ఛేదించడం వంటి వాడుకల వల్ల చిక్కును విప్పడమనే అర్థం తెలుగులో స్థిరపడింది. కనుక కర్మపదాన్ని బట్టి ఔచిత్యం మారుతుంది: "తాళం రహస్యాన్ని ఛేదించాడు" చక్కని వాక్యం, "బీరువాను ఛేదించాడు" అంటే మాత్రం గొడ్డలి గుర్తుకొస్తుంది. "గుట్టు రట్టు చేశాడు" అనకండి, రట్టు చేయడమంటే నలుగురిలో బయటపెట్టడం.

నా మటుకు "తాళం గుట్టు కనిపెట్టి బీరువా తెరిచాడు" అన్నది అన్నిటికన్నా నచ్చుతుంది, ఎందుకంటే ఇందులో బుద్ధి చేసిన పనికీ చేయి చేసిన పనికీ వేర్వేరు క్రియలున్నాయి. ఒక సహోద్యోగి బీరువాను ఫైన్‌మన్ 27-18-28తో తెరిచాడు. గణితంలోని 'ఇ' అనే స్థిరాంకం 2.71828 అంకెలవి, శాస్త్రజ్ఞుడు అటువంటిదే పెట్టుకుంటాడని ఊహించాడు. అక్కడ "ఊహించి తెరిచాడు" అన్నా సరిపోతుంది.

మీ "సిద్ధహస్తుడు" మాత్రం ఈ సందర్భానికి అతికినట్టుంది, దాన్ని వదులుకోకండి. "నంబరు తాళాల గుట్టు కనిపెట్టడంలో సిద్ధహస్తుడు" అని సవరించుకోండి.