పంపు, ఫిల్టర్ లేని రోజుల్లో గోల్డ్‌ఫిష్ ఎలా బతికేది?

మీ పాప కోసం గాజు గిన్నెలో నాలుగు గోల్డ్‌ఫిష్ వేస్తే పది రోజుల్లో మూడు చనిపోయాయని, రోజూ మొత్తం నీళ్లు మారుస్తూనే ఉన్నామని రాశారు. కరెంటే లేని కాలంలో వీటిని ఎలా పెంచారని అడిగారు. ముందు నా సంగతి చెప్తాను.

నేను ఏడో తరగతిలో ఉండగా మా నాన్నగారు ఇనప ఫ్రేములో గాజు పలకలు బిగించి, సందుల్లో పుట్టీ పెట్టించి మూడడుగుల తొట్టి చేయించారు. ఆరు నెలలు చేపలు చక్కగా ఉన్నాయి. ఆయన ఊళ్లో లేని ఒక ఆదివారం, తొట్టి తళతళలాడాలని నీళ్లన్నీ తోడేశాను. గులకరాళ్లు బ్లీచింగ్ పౌడర్‌తో తోమి, కుళాయి నీళ్లు పట్టాను. బుధవారానికి ఎనిమిదింటిలో ఒక్కటే మిగిలింది. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. ఎందుకు చచ్చిపోయాయో చాలా ఏళ్ల తర్వాత, ఈ చరిత్ర చదువుతుంటే అర్థమైంది.

చైనాలో సాంగ్ వంశం కాలంలో (960–1279) గోల్డ్‌ఫిష్‌ను చెరువుల్లో, కొలనుల్లో పెంచేవాళ్లు. మింగ్ కాలానికి అవి ఇళ్లలోకి, పెద్ద పింగాణీ తొట్లలోకి వచ్చాయి. పైనుంచి చూసి ఆనందించేవాళ్లు కాబట్టే విచ్చుకున్న జంట తోకలున్న రకాలను ఏరి పెంచారు. తొట్టి మూతి వెడల్పుగా ఉంటే నీటికి గాలి బాగా తగులుతుంది. మూతి దగ్గర ముడుచుకుపోయే గాజు గిన్నెలో ఆ సౌకర్యం లేదు.

అసలు మలుపు లండన్‌లో వచ్చింది. 1849లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త యాభై లీటర్లకు పైగా పట్టే గాజు తొట్టిలో రెండే రెండు చిన్న గోల్డ్‌ఫిష్‌లు వేసి, వాలిస్నేరియా అనే నీటి మొక్క నాటాడు. కొన్నాళ్లకు ఆకులు కుళ్లి నీళ్లు మురికయ్యాయి. అప్పుడు అయిదారు చెరువు నత్తల్ని వదిలాడు. అవి కుళ్లును తినేశాయి, వాటి గుడ్లు చేపలకు తిండి అయ్యాయి. పంపు లేదు, మాటిమాటికీ నీళ్లు మార్చే పనీ లేదు. 1850లో దీన్ని అక్కడి రసాయన శాస్త్రవేత్తల సంఘం, కెమికల్ సొసైటీ ముందు పెట్టాడు. 1853లో లండన్ జూలో జనం చూడటానికి ‘ఫిష్ హౌస్’ తెరిచారు, ఇంగ్లండులో ఇంటింటా అక్వేరియం పిచ్చి పట్టుకుంది.

నన్ను కదిలించింది ఆ తర్వాతి సంగతి. వారింగ్టన్ ఈ తొట్టి పెట్టేనాటికి పదేళ్లు దాటిన ఆయన కొడుకు, అతని పేరూ రాబర్టే, పెద్దయ్యాక రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో నేల మీద పనిచేశాడు. అమ్మోనియాను ఒక రకం సూక్ష్మజీవులు నైట్రైట్‌గా, ఆ నైట్రైట్‌ను ఇంకో రకం నైట్రేట్‌గా మారుస్తాయని తేల్చినవాళ్లలో ఆయన ఒకడు. తొట్టిలో జరిగేదీ అదే. చేపల వ్యర్థంలోని అమ్మోనియా వాటికి విషం. దాన్ని విరిచే బాక్టీరియా గులకరాళ్లకు, ఫిల్టర్‌లోని స్పాంజికి అంటుకుని ఉంటుంది, పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను బ్లీచింగ్‌తో తోమేసింది దాన్నే. మీ గిన్నెలో అది పుట్టే అవకాశమే రాలేదు, పైగా రోజూ కుళాయి నీటి క్లోరిన్ తగిలింది. మీ పాపకు ఇది తప్పకుండా చెప్పండి, తన వల్లే చేపలు పోయాయని అనుకోకూడదు.

మిగిలిన చేపను ఇవాళే వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులోకి మార్చండి. క్లోరిన్ పోయేలా ఒక రోజు ముందే పట్టి ఉంచిన నీళ్లతో రోజూ పావు వంతు మాత్రమే మార్చండి. మీ ఊళ్లో నీళ్లకు క్లోరిన్ బదులు క్లోరమైన్ (అంత తొందరగా పోని రసాయనం) కలుపుతుంటే అలా నిలవ ఉంచడం సరిపోదు, షాపులో దొరికే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. తిండి రెండు రోజులకోసారి, చిటికెడు చాలు. గోల్డ్‌ఫిష్ జానెడు పెరుగుతుంది, పదేళ్లు దాటి బతుకుతుంది, కాబట్టి తర్వాత పెద్ద తొట్టే కొనండి. దానికి పెట్టే స్పాంజి ఫిల్టర్‌ను ఎప్పుడూ తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. రెండో చేపను నెలన్నర ఆగి తెచ్చుకోండి.