తుఫాను ముందు పడవను తాడు బిగించి కడితే సరిపోతుందా?

సరిపోదు, వీలైతే పడవను ఒడ్డు మీదికి లాగేయాలి, నీటిలోనే ఉంచక తప్పకపోతే తాళ్లకు కాస్త వదులు ఇవ్వాలి. తుఫానుకు గాలితో పాటు నీటిమట్టమూ పెరుగుతుంది. బిగుతుగా ఉన్న తాడు పడవను పైకి లేవనివ్వదు. చివరికి తాడైనా తెగుతుంది, కట్టిన గుంజైనా ఊడుతుంది. రాపిడి తగిలే చోట పాత గుడ్డ చుట్టాలి (చిన్న పనే, కానీ మరిచిపోయేది అదే). కట్టు తెగితే నష్టం పడవతో ఆగదు. 2024 సెప్టెంబరులో కృష్ణా వరద 11 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్ల కౌంటర్‌వెయిట్లను (గేట్లు ఎత్తడానికి తోడ్పడే బరువు దిమ్మెలను) ఢీకొట్టి దెబ్బతీశాయి. లావు తాడుంటే భయం లేదనుకోవడం పొరపాటు. ఒకే గుంజకు కట్టిన లావు తాడు కంటే వేర్వేరు చోట్ల కట్టిన నాలుగు మంచి తాళ్లు నయం.